మీ మోకాలికి తగ్గ కొండ

ఏమండోయ్, కార్తీకం వచ్చేసింది, ఎండ మెత్తబడింది, ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నారా? కొండెక్కుదాం రండి అంటే చాలు, "ఈ వయసులోనా" అంటారు. వయసు కాకపోతే మోకాళ్లు. మోకాళ్లు అందరికీ ఉన్నాయండీ! తెల్లవారుజామున తిరుమల కొండ కింద, మెట్లదారి మొదలయ్యే అలిపిరిలో ఓ గంట నిలబడి చూడండి. చంటిపిల్లను చంకనేసుకున్న తల్లి, చేతికర్ర తాటిస్తూ తాతగారు, ప్రతి మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెడుతూ వంగి లేచే కొత్తకోడలు. వాళ్లంతా మీ ముందునుంచే వెళ్తుంటారు. అప్పుడు చెప్పండి మీ సాకు.

మెట్లు 3,550. దూరం దాదాపు 9 కిలోమీటర్లు. అదిగో, అంకె వినగానే మొహం ముడుచుకుపోయింది! ఆ దారి గుట్టు కూడా వినండి మరి. గాలిగోపురం చేరేసరికే సగానికి పైగా మెట్లు అయిపోతాయి. కష్టమంతా ముందే పెట్టేశారన్నమాట. ఆ తర్వాత చాలాసేపు హాయిగా నడకే. పక్కన కంచె అవతల జింకలు. మధ్యమధ్య అంగళ్లు. పచ్చిమామిడికాయను నిలువుగా చీల్చి, ఆ చీలికల్లోకి ఉప్పూ కారం దట్టించి చేతికిస్తారు చూడండి, చెమట పట్టిన ఒంటికి అంతకంటే ఏం కావాలి? పంటి కింద కరకర, పెదవి మీద మంట, వెనకాలే ఓ గ్లాసు మజ్జిగ. నాకైతే అక్కడే సగం పుణ్యం దక్కినట్టుంటుంది.

చివర్లో మోకాళ్ల మెట్టు. నిటారుగా ఉంటుంది, దాచడం ఎందుకు. ఈ కొండను పాదాలతో తొక్కకూడదని రామానుజులవారు మోకాళ్లమీద ఎక్కారని చెబుతారు. ఎనిమిదేళ్ల అన్నమయ్య ఇక్కడే అలిసి, ఓ వెదురుపొద నీడన పడి నిద్రపోతే అలమేలుమంగమ్మ వచ్చి అన్నం పెట్టిందనీ కథ. అంతటివాడే అలిసిపోయిన చోట మీరు చతికిలబడితే చిన్నతనమేమిటండీ? కూర్చోండి. మళ్లీ లేవండి. ఎవరూ గడియారం పట్టుకుని నిలబడలేదు.

"అయితే శ్రీవారి మెట్టు వైపు నుంచి వెళ్తాం, మెట్లు తక్కువటగా" అంటారు తెలివైనవాళ్లు. నిజమే, శ్రీనివాసమంగాపురం దగ్గర మొదలయ్యే ఆ దారిలో 2,388 మెట్లే. దూరం 2 కిలోమీటర్ల పైచిలుకు. కానీ ఎక్కాల్సిన కొండ అదే కదా? పొడుగు తగ్గిందంటే నిలువు పెరిగిందని అర్థం. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి అలిపిరిలో ఉన్నంత చదును నేల ఇక్కడ లేదు. మోకాలు సణిగేవాళ్లకు నేనైతే పొడుగు దారినే చెబుతాను. చిన్నపిల్లలుంటే మాత్రం ముందుగా వేళలు కనుక్కోండి. చిరుతలు తిరిగే అడవి, ఆంక్షలు ఊరికే పెట్టలేదు.

బరువు గురించి ఓ మాట. అలిపిరిలో సామాను అప్పగిస్తే దేవస్థానం వాళ్లే పైకి చేరుస్తారు. వేరే కొండలకు వెళ్తే ఆ భాగ్యం లేదు, మీ సంచి మీ వీపుకే. బరువైనవి వీపుకి ఆనించి, కాస్త పైకి సర్దుకోండి. అడుగున పడేస్తే సంచి వెనక్కి లాగుతుంది, మీరు ముందుకు వంగుతారు, నడుం తిడుతుంది. తిండికి పల్లీ చిక్కీ, అటుకులు, నిమ్మకాయ పులిహోర చాలు. పక్కవాళ్లతో కబుర్లాడుతూ ఎక్కగలిగితే మీ వేగం సరైనదే. మాట తెగిపోతోందంటే నెమ్మదించండి. నెమ్మదిగా ఎక్కేవాళ్లకే కొండ ఎక్కువ దక్కుతుంది, పక్షి కూత కూడా వినబడుతుంది.

కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లు అలిగారా ఏమిటి? మీకూ ఉంది. తిరుమల ఉన్న ఆ శేషాచలం కొండల్లోనే పాపవినాశనం దాటి అడవిలోకి వెళ్తే తుంబురు తీర్థం. ఏటా ఫాల్గుణ పౌర్ణమికి జనం అడవి దారిన నడిచి వెళ్లేది అక్కడికే. కత్తితో కోసిన గుమ్మడికాయలా కొండ రెండుగా చీలి ఉంటుంది. ఆ చీలికలో నీళ్లు. ఆ నీళ్లలోంచే నడక. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లను రావద్దంటారు, ఆ మాట వినండి. తెలంగాణ వాళ్లకైతే భువనగిరి. ఒకే బండ, పైన కోట. సరదాగా వచ్చినవాళ్లకు మెట్లున్నాయి, తాడు పట్టేవాళ్లకు నున్నటి రాయి ఉంది. 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడిన మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చుకున్నది ఈ రాతి మీదే. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు! ఒకే కొండ మీద ఆమె తాడూ, మీ చెప్పుల చప్పుడూ. బాగుంది కదూ?

పాడేరు దగ్గర వంజంగికి వెళ్లినా సరే. చీకటితోనే టార్చిలైటు వేసుకుని ఎక్కితే, తెల్లారేసరికి మబ్బులు మీ పాదాల కింద ఉంటాయి. ఫొటో తీసుకోండి. నీళ్ల సీసా మాత్రం అక్కడ వదిలేసి రాకండి, మీకు దండం పెడతాను.

ఇక దిగడం. ఎక్కేశాం కదా, ఇంకేముంది అనుకుంటారు. అసలు పరీక్ష అప్పుడే. దిగేటప్పుడు తొడ ముందరి కండరం సాగుతూనే ఒంటి బరువంతా ఆపాలి. అందుకే రెండో రోజు మంచం దిగుతుంటే "అమ్మో" అంటారు. అడుగులు చిన్నవి వేయండి, కాస్త ఏటవాలుగా దిగండి, చేతికర్ర ఉంచుకోండి. కర్ర ముసలివాళ్లకే అని ఎవరన్నారు?

ఆఖరి మాట, బూట్లు వేసుకునేవాళ్లకు. బయల్దేరే ముందు రోజు కాలిగోళ్లు కత్తిరించుకోండి. నవ్వుతున్నారా? దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందుభాగానికి గుద్దుకుంటూనే ఉంటుంది. గోరు పెరిగి ఉంటే నల్లబడి ఊడుతుంది. కత్తెర ఎక్కడుందో ఇప్పుడే వెతుక్కోండి.