ఇల్లు చూపులు

పెళ్లిచూపులకీ, ఇల్లు చూడ్డానికీ పెద్ద తేడా లేదండీ. ఎక్కడైనా అవతలివాళ్లు చూపించిందే మనం చూసొస్తాం.

మావారి రిటైర్మెంటు డబ్బుతో విశాఖలో, పాండురంగాపురం వైపు ఓ పాత ఫ్లాటు బేరమాడాం. కిటికీ తీస్తే సముద్రం. మావారు ఇక ఆ కిటికీ వదల్లేదు. నేను మాత్రం ఇంజనీరైన మా మరిదిని వెంటబెట్టుకెళ్లాను.

సముద్రం పక్క ఇళ్లకి రంగులు చూసి మురిసిపోకూడదంటాడతను. గాలిలో ఉప్పు మెల్లమెల్లగా కాంక్రీటులోకి దిగి, చువ్వల్ని తుప్పు పట్టిస్తుందిట. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి, చుట్టూ ఉన్న కాంక్రీటుని పగలగొడుతుంది. స్లాబు పెచ్చులూడ్డం అంటే ఇదే! 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన ఊళ్లో ఉక్కుకే ఈ తిప్పలు చూడండి. పైగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టిన వాన ఏ గోడలో ఎంత దిగిందో రంగు వేశాక ఎవరికి తెలుస్తుంది?

అతని పనిముట్లల్లా కళ్లూ, ఓ టార్చిలైటూ, చిన్న సుత్తీ. తట్టినప్పుడు డొల్లగా మోగితే లోపల పొర వదిలినట్టు. కానీ తట్టనిచ్చేదెవరు? హాల్లో ఫాల్స్ సీలింగు. పడగ్గదిలో గోడకి గోడంత బీరువా. అటక నిండా ఇత్తడి గంగాళాలు. పరాయివాళ్ల సామాను జరపడానికి మనమెవరం? వెనకగదికైతే ఏకంగా తాళమే. "తాళంచెవి మా అబ్బాయితో హైదరాబాదు వెళ్లిందండీ" అంటూ ఇంటావిడ మంచి కాఫీ ఇచ్చింది.

మరిది రాసిచ్చిన కాగితంలో చూసినవి నాలుగు లైన్లు. చూడ్డానికి వీలుపడనివి పేజీన్నర!

"ఇంతోటి దానికి నువ్వెందుకురా?" అన్నారు మావారు.

"చూడనివి రాయకపోతే, చూసి బాగున్నాయన్నాననుకుంటావు అన్నయ్యా!"

నాకా మాట నచ్చింది. ముప్ఫయ్యేళ్ల జీతంలో మిగిలిందంతా ఆ తాళం వెనకాల పొయ్యబోతున్నాం మరి! ఇంటావిడకి ఫోన్ చేసి, గది తీయించండి, బీరువా జరిపే కూలి మేమే ఇస్తాం, అడ్వాన్సు మాత్రం ఆ తరవాతే అన్నాను. "వేరే పార్టీ కూడా ఉందండీ" అందావిడ. మావారు మూడ్రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడారు.

నాలుగోనాడు కబురొచ్చింది. వెళ్లాం. తాళం తీశారు. గది మూల స్లాబు కిందికి వేలాడుతున్న పెచ్చులూ, ఎర్రగా తుప్పుబట్టిన చువ్వలూ, సరిగ్గా వాటి కింద ఓ బకెట్టూ.

మావారు మొదటిసారి సముద్రాన్ని వదిలి పైకప్పుకేసి చూశారు.

"బాగుచేయించడానికి ఎంతవుతుందో అదీ రాయరా" అన్నారు.