ఉత్తరం ఏ ఫోన్‌కైనా రావాలి

మా హాస్టల్‌లో చదివి వెళ్లిన అన్నలు వార్షికోత్సవానికి వచ్చినప్పుడల్లా ఒక ముచ్చట చెబుతుంటారు. వాళ్ల రోజుల్లో ఇంటి నుంచి వచ్చిన పోస్టు కార్డులు వార్డెన్ సారు బల్ల మీద ఉండేవట. సాయంత్రం హాజరు అయ్యాక పేరు పిలిస్తే పరుగున వెళ్లి తీసుకునేవారట. ఏ ఊరి డబ్బాలో వేసినా చిరునామా సరిగ్గా ఉంటే ఉత్తరం చేరేది. ఇప్పుడు మాకు ఉత్తరాలు మెయిల్‌లో వస్తున్నాయి. అవి కూడా అలాగే చేరతాయనుకున్నాం. ఒకసారి చేరలేదు. ఆ సంగతి తమ్ముళ్లకు చెబుదామనే ఈ నాలుగు మాటలు.

మా గదిలో నలుగురం. అందరం పీజీ. మా ఇళ్లలో డిగ్రీ పట్టా మొదట చూసింది మేమే. దరఖాస్తులో ‘ఈమెయిల్’ అన్న గడి దగ్గర ఆగిపోతే అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. నలుగురికీ కలిపి మెయిల్ చూసుకునే ఫోన్లు రెండే. రెండూ ఎవరో వాడి ఇచ్చినవి. కిందటేడు ఒక పొద్దున మెయిల్ యాప్ తెరుచుకోలేదు. కొత్తది వేసుకోమంది. వేసుకోబోతే ఈ ఫోన్‌కు పనిచేయదంది. సరేలే, ఆదివారం నెట్ సెంటర్‌లో చూసుకుందాం అనుకున్నాం.

సరిగ్గా ఆ వారంలోనే వచ్చింది మెయిల్. మాలో ఒకడు ఉపకార వేతనానికి పెట్టుకున్నాడు. ఆదాయ ధ్రువపత్రం మూడు రోజుల్లో స్కాన్ చేసి పంపమని అందులో ఉంది. మేము చూసేసరికి ఐదో రోజు. ఫోన్ చేసి బతిమాలాం. గడువు దాటిందన్నారు. ఆ డబ్బుతో చెల్లెలి ఇంటర్ ఫీజు కట్టాలని వాడి ఆశ. ఆ రాత్రి మెస్‌కు రాలేదు. మేమూ సరిగ్గా తినలేకపోయాం.

తర్వాత మా కంప్యూటర్ ల్యాబ్ అన్నకు చెప్పుకుంటే, ‘మెయిల్ వేరు, యాప్ వేరురా. ఆ యాప్ పోతే ఇంకో యాప్‌తో తెచ్చుకోవచ్చు’ అన్నాడు. మాకు అదే తెలియదు. మెయిల్ నడిచే నియమాలు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కావట. ఎవరైనా చదువుకుని వాడుకునేలా రాసి బయటపెట్టారట. పంపడానికి ఎస్‌ఎమ్‌టీపీ. అది 1982 నాటిది. తెచ్చుకోవడానికి పాప్, ఐమ్యాప్. ఐమ్యాప్‌ను 1986లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ రూపొందించారు. మేము పుట్టకముందే ఉన్న ఆ నియమాలు మా పాత ఫోన్‌తో పాటు వచ్చిన మామూలు ఈమెయిల్ యాప్‌కూ తెలుసు!

తెలిసీ తెలియక మేము మొదట పాప్ పెట్టాం. మర్నాడు హాల్ టికెట్ ప్రింటు కోసం నెట్ సెంటర్‌కు వెళ్తే ఇన్‌బాక్స్ ఖాళీ. గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే, పాప్ మెయిళ్లను ఫోన్‌లోకి దించుకుని సర్వర్‌లో తీసేసింది. అలా తీసేయకుండా పెట్టుకునే వీలుందని మాకప్పుడు తెలియదు. ఆ ఫోన్ పట్టుకుని మావాడు క్లాసులో ఉన్నాడు.

అప్పుడు ఐమ్యాప్‌కు మారాం. ఇందులో మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది. ఫోన్‌లో చూసినా, నెట్ సెంటర్‌లో చూసినా అదే కనిపిస్తుంది. ముందు ఎవరు పంపారో, విషయం ఏమిటో మాత్రమే తెప్పించుకోవచ్చు. జతచేసిన పెద్ద ఫైలును కావాలంటేనే దించుకోవచ్చు. డేటా లెక్కపెట్టుకుని వాడే మాకు ఇది పెద్ద మేలు. కొత్త మెయిల్ రాగానే సర్వరే కబురు చెప్పే పద్ధతిని కూడా 1997లోనే ఇందులో చేర్చారు.

తమ్ముళ్లూ, కొన్ని జాగ్రత్తలు. ఐమ్యాప్‌కు పోర్టు 993, ఎస్‌ఎమ్‌టీపీకి 465 లేదా 587. 2022 నుంచి జీమెయిల్ ఇలాంటి యాప్‌లలో మామూలు పాస్‌వర్డ్ ఒప్పుకోవడం మానేసింది. రెండంచెల తనిఖీ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. ఫోన్ పోతే వెంటనే దాన్ని రద్దు చేయండి. కొందరు ఐమ్యాప్‌ను డబ్బు కట్టినవాళ్లకే ఇస్తారు. దరఖాస్తుల కోసం మెయిల్ తెరిచే ముందే అది చూసుకోండి.

మహద్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు అక్కడి పురపాలక సంఘం 1924లోనే తీర్మానం చేసింది. అయినా మనవాళ్లను నీళ్లు ముట్టనివ్వలేదు. 1927లో బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగితేనే దేశానికి తెలిసింది. అంత పెద్ద పోరాటంతో మా ఫోన్ గొడవను పోల్చడం లేదు. కానీ మాకు అర్థమైంది ఒకటుంది. కాగితం మీద అందరిదీ అని రాసి ఉంటే సరిపోదు. మనం తెలుసుకుని వెళ్లి వాడుకోవాలి. మాకు తెలియని ఒక్క వారం ఒక చెల్లెలి ఫీజు పోయింది.

ఆ వివరాలన్నీ పెద్ద అక్షరాలతో రాసి నోటీసు బోర్డుకు అంటించాం. మావాడు ఈ ఏడు మళ్లీ దరఖాస్తు పెట్టాడు. ఫోన్ మోగితే నలుగురం ఒక్కసారే లేస్తున్నాం. మీలో ఎవరికైనా సెట్టింగులు కుదరకపోతే మొహమాటపడకండి. రాత్రి భోజనాలయ్యాక మా గదికి రండి. కూర్చుని పెట్టుకుందాం.