అత్తమ్మ, వంకాయ, వయ్యారిభామ

రెండు నెలల పాటు మా ఇంట్లో వంకాయ వండలేదు. కారణం మా అత్తమ్మ ఒంటి మీద దద్దుర్లు. మెడ, కనురెప్పలు, మోచేతి మడతలు ఎర్రగా కందిపోయి, రాత్రిళ్లు గోక్కుంటూనే తెల్లవారేది. వంకాయ మాన్పించాను, గోంగూర మాన్పించాను, సబ్బు మార్చాను. అయినా తగ్గకపోతే, దొంగచాటుగా తింటున్నారేమోనని ఆ పెద్ద మనిషిని అనుమానించాను కూడా!

చివరికి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి మాట, "మీ ఇంటి పక్కన ఖాళీ జాగా ఉందా?"

శంషాబాద్‌లో పక్కన ఖాళీ జాగా లేని ఇల్లు ఎక్కడుందండీ! 2008లో ఎయిర్‌పోర్టు మొదలయ్యాక చుట్టుపక్కల ఎన్నో పొలాలు ప్లాట్లయ్యాయి. కొన్నవాళ్లు హద్దురాళ్లు పాతి వెళ్లిపోయారు. దున్నని నేలలో వయ్యారిభామ పెరిగింది. అదేనండీ, కాంగ్రెస్ గడ్డి. క్యారెట్ ఆకులాంటి ఆకు, తెల్లటి చిన్ని పూలు, చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్క 1955 ప్రాంతంలో పుణెలో కనిపించి, దేశమంతా పాకింది. గోధుమలతో వచ్చిందంటారు. ఒక్క మొక్కకే వేల గింజలు. ముట్టుకుంటే దద్దుర్లు, కొందరికి దాని పుప్పొడితో ఆయాసం.

ఇంటికొచ్చాక అత్తమ్మ అసలు సంగతి చెప్పారు. నేను వంటింట్లో ఉండగా రోజూ పొద్దున్నే ఆ జాగాలో గడ్డి పీకుతున్నారట, ఉత్త చేతులతో! మనవడు ఆడుకునే చోటుకు పాములొస్తాయని. ఆ జాగా గురించి పట్టించుకున్నది మా ఇంట్లో ఆవిడొక్కరే. మందులిచ్చి, ఇక అటు వెళ్లొద్దంటే కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

"వంకాయ బంద్ చేసినవు, ఇగ పని గూడ బంద్ చెయ్యాల్నా బిడ్డా?"

నాకేం చెప్పాలో తోచలేదు.

ఇప్పుడు పీకేది నేనూ మా వారూ. నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ, చేతులకు గ్లౌజులు. వాన పడ్డ మర్నాడైతే వేళ్లతో సహా వస్తుంది. పూత రాకముందే పీకాలి, అప్పుడైతే ఎరువు గుంటలో వేసినా భయం లేదు. గేటు ముందు రాళ్ల సందుల్లో మాత్రం లీటరు నీళ్లకు 200 గ్రాముల ఉప్పు కలిపి, మంచి ఎండలో చల్లాం. మాడిపోయింది. కూరపాదుల దగ్గర మాత్రం ఉప్పు వద్దు, నేల పాడవుతుంది.

మొన్నటి వానకు మళ్లీ మొలిచింది. పాత గింజలు నేలలో ఉండనే ఉన్నాయి కదా. అత్తమ్మ అరుగు మీద కుర్చీ వేసుకుని, "అగో, ఆ మూలకు ఇంకోటున్నది" అని చూపిస్తుంటే మేం పీకాం. ఆ రోజు గుత్తివంకాయ చేశాను.