అమ్మ గదికి చెక్క నేల

ఇల్లు కట్టేవాళ్లు ఈమధ్య ‘ఉడెన్ ఫ్లోరింగ్ వేయించొచ్చా?’ అని అడుగుతున్నారు. మా ఇంట్లో జరిగింది చెప్తాను. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

బాగేపల్లిలో మా పాత ఇంటికి నాయన కడప బండలు పరిపించినాడు. మూడేండ్ల కింద నేను వాటిని పీకించి, అద్దంలా మెరిసే టైల్స్ వేయించినాను. ఆరు నెలలు తిరక్కముందే, తుడిచిన తడి ఆరకుండానే నడిచి అమ్మ జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినాక లేచి నడిచింది గానీ, నాలుగడుగులు వేయాలన్నా గోడ పట్టుకునేది. తప్పు నాదే. మెరుపు చూసి కొన్నాను, అమ్మ కాళ్లను తలుచుకోలేదు.

చెక్క అయితే చలికాలంలో కాళ్లకు చల్లగా తగలదు కదా అని చింతామణి, చిక్కబళ్లాపురం అంగళ్లన్నీ తిరిగినాను. ‘చెక్క నేల’ అని మూడు రకాల సరుకు చూపిస్తారు. ల్యామినేట్ అంటే చెక్కపొట్టు నొక్కి చేసిన పలక, దాని మీద చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం. ఇంజనీర్డ్ ఉడ్ అంటే ప్లైవుడ్ మీద 2 నుంచి 6 మిల్లీమీటర్ల అసలు చెక్క. మూడోది 18, 20 మిల్లీమీటర్ల మందం, పైనుంచి కిందిదాకా ఒకే చెక్క. దీనికి గీతలు పడితే రుద్దించి మళ్లీ పాలిష్ పెట్టుకోవచ్చు. ల్యామినేట్‌కు ఆ వీలు లేదు. టేకైనా చేవ చూసి తీసుకోండి. అంచున ఉండే లేత రంగు చెక్కను చెదలు వదలవు.

అంతా విని అమ్మ ఒకటే అడిగింది: “నీళ్లు పోసి కడగలేని ఇల్లేం ఇల్లురా?”

ఆమె మాట నిజం. పండగొస్తే మనం బిందెలతో నీళ్లు పోసి కడుగుతాం. చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది. అందుకే మేస్త్రి గోడల పక్కన వేలెడు కంటే తక్కువ సందు వదులుతాడు, పైన పట్టీ కప్పుతుంది. కింద కాంక్రీటు బాగా ఆరాలి, చెదల మందు కొట్టించాలి, చెమ్మ పైకి రాకుండా షీటు పరవాలి. పలకలను నాలుగైదు రోజులు ఆ గదిలోనే ఉంచి తర్వాత బిగించాలి.

చివరికి అమ్మ పడుకునే గదికి మాత్రం చేవ టేకు వేయించినాము. మెరిసే పాలిష్ వద్దని, మ్యాట్ పెట్టించినాము. మెరిసే చెక్క కూడా జారుతుంది. గట్టిగా పిండిన బట్టతో తుడుస్తాము. హాలు, వంటింటికి మళ్లీ గరుకు బండలే.

ఇప్పుడు ఆ గదిలో అమ్మ గోడ పట్టుకోదు. హాల్లోకి వస్తే మాత్రం, బండలు గరుకే అయినా, ఆమె చెయ్యి గోడ మీదికే పోతుంది. ఆ భయం నేను తెచ్చిపెట్టిందే.

అంగడికి పోకముందే ఇంట్లో పెద్దవాళ్లను ఒకమాట అడగండి. నడిచేది వాళ్లు, తుడిచేది మన ఆడవాళ్లు. మీ అనుభవాలు కూడా కింద రాయండి, మిగతావాళ్లకు పనికొస్తాయి.