కొండకు ఏ జోడు?

శేషాచలం కొండల్లో కాలిజోళ్ల ముచ్చట కొత్తదేం కాదు. చిన్నతనంలో అన్నమయ్య చెప్పులతోనే తిరుమల ఎక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర సొమ్మసిల్లాడట. అలమేలుమంగమ్మ కలలో కనిపించి చెప్పులు విప్పి ఎక్కమందట. నేటికీ అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు భక్తులు వట్టి కాళ్లతోనే ఎక్కుతారు.

మరి మెట్లు లేని దారుల మాటేమిటి? 270 అడుగుల జలపాతం దూకే తలకోన, వేదనారాయణస్వామి కొలువైన నాగలాపురం దాపున ఉన్న కోనలు, ఫాల్గుణ పౌర్ణమికి జనం నడిచివెళ్లే తుంబురు తీర్థం... వీటికి బయల్దేరే కుర్రకారు ముందు అడిగేది 'ట్రెక్కింగ్ బూట్లు కొనాలా?' అనే. అక్కర్లేదు, మామూలు రన్నింగ్ షూస్ చాలన్నది చాలామంది అనుభవం.

కారణం నీళ్లు. ఈ దారుల్లో వాగు దాటకుండా ముందుకెళ్లలేం. చీలమండ దాకా ఉండే బూటులోకి ఒకసారి నీళ్లు చేరితే ఓ పట్టాన పోవు. తడి కాలు ఒరుసుకుని బొబ్బలెక్కుతుంది. వల బట్టతో చేసిన షూలోంచి నాలుగడుగులు వేసేసరికే నీళ్లు బయటికొచ్చేస్తాయి. పైగా తేలిక. కాలి మీద ప్రతి 100 గ్రాముల బరువుకీ నడకలో శ్రమ సుమారు ఒక శాతం పెరుగుతుంది. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల అమెరికా బామ్మ మూడు వేల కిలోమీటర్లకు పైగా ఉన్న అపలేచియన్ కాలిబాటను కాన్వాస్ బూట్లతోనే పూర్తిచేసింది!

అలాగని ఇంట్లో మూలనపడ్డ పాత జత తొడుక్కుంటే ప్రమాదమే. ఇక్కడి రాళ్లు తడిస్తే నున్నగా జారతాయి. అరిగిన అడుగుభాగం పట్టు ఇవ్వదు. గట్టి రబ్బరు గాళ్లున్న 'ట్రయల్' రకమైతే మేలు. దిగేటప్పుడు గోళ్లు నలగకుండా వేళ్ల ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. కొత్త జతతో ముందు వారంపాటు ఊళ్లోనే నడవాలి. నూలు మేజోళ్లు తడిని వదలవు కాబట్టి సింథటిక్‌వి వేసుకుని, సంచిలో ఇంకో జత ఉంచుకోవాలి.

వీపున బరువు ఎక్కువున్నా, ఇదివరకు చీలమండ బెణికినా, ముళ్ల పొదల్లో నడవాల్సి వచ్చినా బూట్లే నయం. ఏవి వేసుకున్నా అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఎగువన వాన పడుతుంటే మాత్రం వాగులోకి దిగకండి. ఆ ప్రవాహం ముందు ఏ జోడూ నిలవదు.