టిప్పు ఎవరి చేతికి?

బయట భోజనానికి నేను పక్కన పెట్టుకునే డబ్బులో మూడు భాగాలుంటాయి: మెనూలో రాసిన ధర, దాని మీద జీఎస్టీ, వడ్డించిన మనిషికి ఇచ్చేది. మూడూ కలిపి నెలకు అనుకున్న మొత్తం దాటిపోయేలా ఉంటే ఒక కూర మానేస్తాను, టిప్పు మాత్రం మానను. అదే సమయంలో బిల్లులో సర్వీస్ ఛార్జీ అని కలిపి తెస్తే తీసేయమంటాను. ఇచ్చే ఉద్దేశం ఉన్నప్పుడు బిల్లులో ఉంటే ఏం, చేతికిస్తే ఏం అని అడిగేవాళ్లున్నారు. తేడా చాలా ఉంది. చేతికిచ్చింది సర్వర్‌ది. బిల్లులో కలిసింది యజమాని గల్లాపెట్టెలోకి వెళుతుంది, అక్కడి నుంచి ఎవరికి ఎంత చేరిందో మనకు కనబడదు.

సర్వీస్ ఛార్జీ లెక్క ఒకసారి వేసి చూడండి. రెండు వేల భోజనానికి పది శాతం అంటే 200. ఆ 2,200 మీద 5 శాతం జీఎస్టీ వేస్తే 110. మొత్తం 2,310. సర్వీస్ ఛార్జీ లేకపోతే 2,100తో బయటపడేవాళ్లం. అంటే మనం బహుమానం అనుకున్నదాని మీద పన్ను కూడా మనమే కడుతున్నాం. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే బలవంతపు సర్వీస్ ఛార్జీని తప్పుబట్టింది: రెస్టారెంట్లు తమంతట తామే బిల్లులో కలపకూడదు, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదు, ఇవ్వనన్నారని లోపలికి రానివ్వకపోవడం కుదరదు. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే నిలబెట్టింది. తీసేయనంటే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. వంటింట్లో గిన్నెలు తోమేవాళ్లకు కూడా వాటా రావాలంటే సర్వీస్ ఛార్జీయే మేలు కదా అని యజమానులు అంటారు. వాళ్లకు రావాలన్న మాటకు నాకు అభ్యంతరం లేదు. అలాంటప్పుడు ఆ పది శాతం వంటకాల ధరలోనే కలిపి, జీతం పెంచండి. ధర ముందే కనబడితే తినాలో వద్దో నేను తేల్చుకుంటాను, పెరిగిన జీతం అందరికీ అందుతుంది.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. జీతం ఇవ్వాల్సింది యజమాని, నేను టిప్పు ఇచ్చేకొద్దీ ఆయన జీతం పెంచడం మానేస్తాడు అని. దీనికి సాక్ష్యంగా అమెరికాను చూపిస్తారు. అక్కడ టిప్పులు వచ్చే పనివాళ్లకు యజమాని నేరుగా ఇవ్వాల్సిన కనీస వేతనం ఫెడరల్ చట్టం ప్రకారం గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచి అది కదల్లేదు. మామూలు కనీస వేతనమైన 7.25 డాలర్ల దాకా మిగతాది టిప్పుల్లోంచి రావాలి, రాకపోతేనే యజమాని పూడ్చాలి. టెక్సస్‌లో ఇప్పటికీ ఇదే పద్ధతి. కాబట్టి డాలస్‌లో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులు బిల్లును రూపాయల్లోకి మార్చుకుని టిప్పు దగ్గర చేయి వెనక్కి తీసుకుంటే, అది ఆ సర్వర్ కూలిలో కోతే. కానీ అదే దేశంలో కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు ఈ మినహాయింపును ఒప్పుకోవు. అక్కడ పూర్తి కనీస వేతనమూ ఇస్తారు, జనం టిప్పులూ ఇస్తారు. కనీస కూలి ఎంతన్నది అక్కడ చట్టమే తేల్చింది. నేనొక్కడినీ టిప్పు ఎగ్గొడితే ఎవరి జీతమూ పెరగదు, ఆ రోజు ఒక మనిషి తక్కువ డబ్బుతో ఇంటికెళతాడు, అంతే.

మన చట్టంలో టిప్పును జీతంలో జమకట్టే వెసులుబాటు లేదు. అది మన దగ్గరున్న గొప్ప రక్షణ, దాన్ని పోగొట్టుకోకూడదు. 2016లో సుప్రీంకోర్టు ఒక ఆదాయపు పన్ను కేసులో, హోటల్ ద్వారా చేరిన టిప్పు కూడా జీతం కాదని తేల్చింది. టిప్పు జీతం కాదు గనక దాని మీద పీఎఫ్ జమకాదు, గ్రాట్యుటీ లెక్కకు రాదు. మూలవేతనం వెయ్యి పెరిగితే, పీఎఫ్ వర్తించే చోట యజమాని వాటాగా మరో 120 రూపాయలు జమవుతాయి, పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల జీతం లెక్కన గ్రాట్యుటీ కూడా ఆ మేరకు పెరుగుతుంది. టిప్పుల్లో వచ్చిన వెయ్యి వెయ్యిగానే ఉంటుంది. అందుకే ‘టిప్పులు బాగా వస్తాయిలే’ అని జీతం తగ్గించి మాట్లాడే యజమాని ఆ మనిషి ముసలితనం నుంచి కోసుకుంటున్నాడని నా అభిప్రాయం. టిప్పు ఇచ్చేవాళ్లం కనుకనే ఈ మాట మనం గట్టిగా అనాలి.

ఎంత ఇవ్వాలన్న దగ్గర నేను శాతాలు పాటించను. బిర్యానీ మోసినా పప్పన్నం మోసినా సర్వర్‌కు అదే నడక, అదే నిలువుకాళ్ల పని. ఖరీదైన వంటకం తెప్పించుకున్నంత మాత్రాన అతని శ్రమ రెట్టింపు కాదు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల లెక్కన, మనిషికి ఇరవై రూపాయలు. గంటల తరబడి కూర్చుంటే, చిన్నపిల్లలు బల్లంతా ఆగం చేస్తే ఇంకొంచెం ఎక్కువ. సేవ బాగుంటేనే ఇవ్వాలన్న వాదన న్యాయంగానే వినిపిస్తుంది, కానీ మనం అంత నిష్పక్షపాతంగా కొలవగలమా? కార్నెల్ విశ్వవిద్యాలయంలో టిప్పుల మీద ఏళ్ల తరబడి పరిశోధించిన మైకేల్ లిన్, జనం సేవకు వేసే మార్కులకూ ఇచ్చే టిప్పుకూ సంబంధం చాలా బలహీనమని చూపించాడు. టిప్పుల్లో కనబడే హెచ్చుతగ్గుల్లో రెండు శాతాన్ని కూడా ఆ మార్కులతో వివరించలేమట. కూర ఆలస్యమైతే అది తరచుగా వంటింటి సమస్య, శిక్ష మాత్రం బయట నిలబడ్డవాడికి పడుతుంది. మర్యాద తప్పి మాట్లాడితే మేనేజరుకు చెప్తాను. ఇరవై రూపాయలు కోసి బుద్ధి చెప్పాలనుకోను.

టోకెన్ తీసుకుని మనమే పళ్లెం తెచ్చుకునే టిఫిన్ సెంటర్‌లో ఇవ్వను, అక్కడ ఎవరూ వడ్డించలేదు. అయితే బల్ల తుడిచే అబ్బాయి ఉంటే ఇవ్వడంలో తప్పేమీ చూడను. ఈమధ్య అసలు ఇబ్బంది ఫోన్‌తో వస్తోంది. బిల్లుతో వచ్చే పళ్లెంలో చిల్లర మిగలడం లేదు, క్యూఆర్ కోడ్ మీద కొడితే సొమ్మంతా యజమాని ఖాతాకే పోతుంది. టిప్పు కూడా అందులోనే కలిపి కొట్టేస్తే పైన చెప్పిన సర్వీస్ ఛార్జీ చిక్కే మళ్లీ మొదలవుతుంది. అందుకని పర్సులో పది, ఇరవై నోట్లు విడిగా ఉంచుకుంటాను. అవి లేనప్పుడు సర్వర్‌నే అతని నంబర్ అడిగి అతని ఖాతాకు పంపిస్తాను.