సుత్తి దెబ్బ నాణెం

ఒకటో ఎలిజబెత్ కాలపు ఆరు పెన్నీల వెండి నాణెం చేతికొస్తే నా కళ్ళు ముందు అంచు మీదికే పోతాయి. రాణి తల వెనక గులాబీ, రెండో వైపు డాలు పైన 1561... అవన్నీ తర్వాత. రెండు అచ్చుల మధ్య వెండి బిళ్ళ పెట్టి సుత్తితో కొట్టేవాళ్ళు కదా, ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒకటి వంకర, ఇంకోదాని మీద సగం అక్షరాలు అంచు దాటిపోయి ఉంటాయి. అందుకే రెండు నాణేల మీద ఒకే చోట అదే గీరు, అంచున అదే చీలిక కనిపిస్తే పోతపోసిన నకిలీలేమో అని చూసుకోవాలి. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, ఒంటినిండా సూదిమొనంత గుంటలు కూడా ఉంటే ఇక కొనకండి.

అంచు కత్తిరించిన నాణేలంటే మాత్రం నాకు ప్రాణం. మరణశిక్ష పడే నేరమని తెలిసీ ఎవరో వెండి కోసం కోసుకున్న చోటు అది!

దయచేసి పాత వెండిని తోమకండి. నాలుగు వందల ఏళ్ళ నలుపు ఒక్క రుద్దుకే పోతుంది.